ఫైర్‌వాల్ అవతలి చుక్క

కొరాపుట్,
అక్టోబరు 21.

మావయ్యకి,

దుర్గ నమస్కారాలు. నిన్న అత్త ఫోన్ చేసింది. ఈ ఏడాదిగా మీకు ఎదురుగా గట్టిగా చెబితే తప్ప మాటలు వినపడవు, ఫోన్లో అసలే వినపడవు కదా, అందుకని మీ మీద చెప్పదలుచుకున్నవన్నీ మీ పక్కనే కూర్చుని ధైర్యంగా చెప్పేసింది. అందులో ఒకటి విన్నాక ఆగలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "మీ మావయ్య ఆ సుక్కల పుస్తకాలు నాలుగూ పాతపేపర్లోడికి ఇచ్చేస్తానంటన్నారు అమ్మీ. నా మాట వినరు, నువ్వైనా సెప్పు" అంది.

నిజమేనా? పంతొమ్మిదేళ్ళు మేడెక్కి రాసిన పుస్తకాలండీ అవి! చిన్నప్పుడు సెలవులకి రాయగడ వస్తే అల్గోల్ చుక్కని నాకు చూపించింది మీరే. రెండు రోజుల ఇరవయ్యొక్క గంటలకోసారి మసక జంటచుక్క దానికి అడ్డం వచ్చి వెలుగు తగ్గుతుందని, సరిగ్గా ఏ నిమిషానికి అన్నిటికన్నా తగ్గిందో పట్టుకోవడమే మన పని అని చెప్పింది మీరే. నేను ఫిజిక్స్ చదివి ఈ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నానంటే ఆ చుక్క పుణ్యమే.

ఇప్పుడు వినండి. మా ల్యాబ్‌కి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికితే ఎక్కించాను. అది దూరదేశాల్లో ఉన్న సర్వర్లను అడిగి ఏ చుక్క బొమ్మ కావాలంటే ఆ బొమ్మ, దాని మీద ఎవరెవరు ఏ లెక్క రాశారో ఆ లెక్క తెచ్చి మన ముందు పెడుతుందట. మీరు పట్టుకున్న సమయాలను లోకమంతా పట్టుకున్న సమయాల పక్కన పెట్టి చూడొచ్చు! ఆ పుస్తకాలు నాకు పంపండి. పంపకపోతే నేనే వచ్చి ఎత్తుకుపోతాను.

మీ
విజయదుర్గ

*

రాయగడ,
అక్టోబరు 28.

దుర్గమ్మికి,

మావయ్య ఆశీస్సులు. మీ అత్త నా వెనకాల కాకుండా నా ఎదురుగానే నా మీద చాడీలు చెబుతుందని తెలిసి సంతోషించాను. ఇకమీద ఆవిడ ఫోన్ పట్టుకుంటే పెదాలు చూస్తూ కూర్చుంటాను.

పుస్తకాలు పంపుతున్నాను. మన గార్డు లక్ష్మణుడు ఎల్లుండి కొరాపుట్ బండి మీద డ్యూటీకి వస్తున్నాడు, వాటినీ ఈ ఉత్తరాన్నీ అతనే తెచ్చి నీకిస్తాడు. గుడ్డసంచి మాత్రం తిరిగి పంపు, అది అత్తది, నా పుస్తకాలకన్నా దానికే ఈ ఇంట్లో విలువెక్కువ.

ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసి రిటైరైన మనిషికి తన అలమర ఖాళీ చేసుకునే హక్కుంది. ఈ ఏడు నేను అల్గోల్‌ని చూడటం మొదలుపెట్టలేదు. పెట్టను కూడా. ఎందుకని అడగొద్దు. నాదొకటే షరతు. నా లెక్కలు ఆ లోకం లెక్కలతో కలవకపోతే నాకు ఓదార్పు ఉత్తరాలు రాయకు. అక్కడి పాతపేపర్ల వాడిని పిలిచి ఇచ్చెయ్.

కూర్మారావు

*

కొరాపుట్,
నవంబరు 6.

మావయ్యకి,

నూట నలభై మూడు! మీరు నూట నలభై మూడుసార్లు అల్గోల్‌ని పట్టుకున్నారని మీకైనా తెలుసా? ఒక్కోదానికి ఒక్కో పేజీ, పదిహేను నిమిషాలకోసారి వెలుగు ఎంతుందో, చివర ఎర్రసిరాతో అసలు నిమిషం. మూడు సాయంత్రాలు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను.

ఎక్కించి ఏం లాభం? సాఫ్ట్‌వేర్ తెరిస్తే నల్లటి కిటికీ. ఒక్క చుక్క లేదు. కింద ఎర్ర అక్షరాలు, సర్వర్ అందడం లేదని. తీగ ఊడిందేమో అని చూశాను. ఊడలేదు. అదే కంప్యూటర్లో బ్రౌజర్ తెరిస్తే వార్తలొస్తున్నాయి, వంటల వీడియోలొస్తున్నాయి. దీనికి మాత్రం లోకంతో మాటల్లేవు!

మా కంప్యూటర్ గది చూసే నరేంద్రబాబుని పట్టుకున్నాను. పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్ళు, మనవాళ్ళే. "మన కాలేజీలోంచి ఏదీ నేరుగా బయటికి పోదు మేడమ్. మద్దిలో ఫైర్‌వాల్ గోడ ఉంది. పోయేదీ వచ్చేదీ అది సూసుకుంటాది. మీ సుక్కల సాఫ్ట్‌వేరేటో దానికి తెల్దు" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. నా ఫోన్ నెట్ పెట్టి చూద్దామంటే మా రాతి గోడల మధ్య సిగ్నల్ ఒక్క గీతే. గంటసేపు తిరిగి తిరిగి ఆగిపోయింది.

కానీ నేను వదిలిపెట్టే రకం కాదని మీకు తెలుసు. ఒకే కంప్యూటర్, ఒకే తీగ. బ్రౌజర్ గోడ దాటుతుంది, ఇది దాటదు. ఎందుకు దాటదో కనుక్కుంటాను.

మీ
దుర్గ

*

రాయగడ,
నవంబరు 11.

దుర్గమ్మికి,

ఇందులో తల పెట్టకూడదనుకున్నాను. కానీ పనిచెయ్యని తీగ అనే మాట కనబడితే నాకు అన్నం సయించదు. ఉత్తరం అందినరోజు పులుసులో ఉప్పు మరిచిపోయిందని కూడా నేను గమనించలేదట, మీ అత్త ఆశ్చర్యపోయింది.

మన ఒంటి లైను సంగతి గుర్తుచేసుకో. స్టేషన్లో బండి ఉంది, పట్టాలు ఉన్నాయి, డ్రైవర్ ఉన్నాడు. అయినా బండి కదలదు. ముందు స్టేషన్ నుంచి దారి ఖాళీ అన్న లైన్ క్లియర్ రావాలి. అది స్టేషన్ మాస్టర్ తెప్పించి డ్రైవర్ చేతికివ్వాలి. కొత్త డ్రైవర్‌కి ఏ మాస్టర్ దగ్గరికెళ్ళి అడగాలో ఎవరూ చెప్పలేదనుకో, ఇంజను కూత వేసుకుంటూ అక్కడే నిలబడతాడు. అది ఇంజను తప్పు కాదు, పట్టాల తప్పూ కాదు.

మీ ఫైర్‌వాల్ గోడలో కూడా ఒక స్టేషన్ మాస్టర్ ఉండే ఉంటాడు. బ్రౌజర్ ఆయన్నే అడిగి బయటికెళుతోంది. ఆయన ఎక్కడుంటాడో దానికి ఎవరో ముందే చెప్పి ఉంచారు. నీ చుక్కల సాఫ్ట్‌వేర్‌కి చెప్పారా? మీ నరేంద్రబాబుని టీకి వెళ్ళకముందే పట్టుకుని ఈ ఒక్క ప్రశ్న అడుగు.

కూర్మారావు

*

కొరాపుట్,
నవంబరు 19.

మావయ్యా, మావయ్యా, మావయ్యా!

లైన్ క్లియర్!

మీరన్నది అక్షరాలా నిజం. ఆ మాస్టర్‌ని ఇక్కడ ప్రాక్సీ అంటారు. బ్రౌజర్లన్నిటికీ దాని చిరునామా నరేంద్రబాబే ఎప్పుడో ఎక్కించాడట. నా సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌ని చూసి నేర్చుకోదు, దానికి విడిగా చెప్పాలి. సెట్టింగుల్లో ఒక మూల ప్రాక్సీ అని రెండు గళ్ళు, రెండూ ఖాళీ! మొదటి గడిలో చిరునామా, రెండోదాంట్లో దాని గుమ్మం నంబరు (పోర్టు అంటారు) 3128 కొట్టి మళ్ళీ తెరిచాను. నల్లటి కిటికీలో ముందు ఒక మూల మెరిసింది, తర్వాత ఇంకో మూల, చూస్తూ ఉండగానే కిటికీ నిండా ఆకాశం! మధ్యలో మన అల్గోల్. నేను వేసిన కేకకి పక్క క్లాసులోంచి పిల్లలందరూ పరిగెత్తుకొచ్చారు.

కథ అక్కడితో అవలేదు. బొమ్మలొచ్చాయి గానీ సమయాల పట్టిక రాలేదు. ఆ పట్టిక ఉన్న సర్వర్ వేరే, దాని గుమ్మం నంబరు కూడా వేరే. ఆ నంబరుకి వెళ్ళే దారిని మా ఫైర్‌వాల్ మూసేసి ఉంచింది. నరేంద్రబాబు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "ఏటి మేడమ్, ఒక్క సుక్క కోసం గోడకి కన్నం పెట్టమంటారా? రేపు వైరస్ వస్తే ఎవులు జవాబు సెప్తారు?" అన్నాడు. నేను వాదించలేదు. దరఖాస్తు రాసి, మీ పుస్తకంలోంచి ఒక పేజీ జిరాక్స్ తీసి దానికి గుచ్చి ఇచ్చాను. ఆ పేజీని చాలాసేపు చూశాడు. "ఈ మనిషి ఇలగ పంతొమ్మిదేళ్ళు రాసేడా?" అన్నాడు. ఆ సాయంత్రమే ఒక్క కంప్యూటర్‌కి, ఒక్క సర్వర్‌కి, రోజూ నాలుగు నుంచి అయిదు దాకా దారి తెరిచాడు.

నాలుగూ అయిదుకి పట్టిక దిగింది. జపాన్ వాళ్ళు, పోలెండ్ వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో చూసి రాసిన ఎనిమిది వందల పైచిలుకు సమయాలు.

ల్యాబ్ మూసే వేళైంది. మిగతా సంగతులు మళ్ళీ రాస్తాను. అత్త సంచి పంపుతున్నాను.

మీ
దుర్గ

*

రాయగడ,
నవంబరు 24.

దుర్గమ్మికి,

సంచి అందింది. నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. గుమ్మం నంబరు రాశావు, నరేంద్రబాబు మాటలు రాశావు, పట్టిక ఎన్ని గంటలకి దిగిందో రాశావు. ఆ పట్టిక పక్కన నా లెక్కలు ఎక్కడ పడ్డాయో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ల్యాబ్ మూసే వేళైందా! చిన్నప్పుడు కూడా మార్కులు తక్కువొస్తే నీకు సరిగ్గా అప్పుడే కడుపునొప్పి వచ్చేది.

నీ మీద కోపం లేదమ్మీ. నాకు ముందే తెలుసు. మూడో పుస్తకం అట్టకి లోపలివైపు ఒక కవరు అంటించి ఉంటుంది, చూసి ఉండవు. పన్నెండేళ్ళ కిందట ఒక పెద్ద ఊళ్ళో చుక్కలు చూసేవాళ్ళ సంఘానికి నా లెక్కలు పన్నెండు పంపాను. రెండు వాక్యాల జవాబొచ్చింది. అంచనాలకు సరిపోలడం లేదు, కన్నుకు తగిన సాధన లేదు, వాడుకోలేము. అంతే. మీ అత్తకి కూడా చెప్పలేదు. చెబితే ఆ సంఘం వాళ్ళ వంశమంతటినీ తిట్టి ఉండేది.

ఆ తర్వాత కూడా చూశాను, మానలేక. మేడ మీద నిలబడి అల్గోల్ తగ్గింది అనుకున్న ప్రతిసారీ, నిజంగా తగ్గిందా, నా కన్నే అలా అనుకుంటోందా అని అనుమానం. సిగ్నల్ దీపం రంగు చూసి వందల బండ్లకి పూచీ పడిన కన్ను ఇది. ఆ అనుమానం ఇంక మొయ్యలేకే మానేశాను. పుస్తకాలు అక్కడే ఇచ్చెయ్. నువ్వు గోడ దాటావు, నాకది చాలు.

మావయ్య

*

కొరాపుట్,
నవంబరు 29.

మావయ్యకి,

పుస్తకాలు ఇవ్వను. ఇవ్వనంటే ఇవ్వను. తిట్టుకున్నా సరే, ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

అవును, దాచాను. ఆ రోజు మీ సమయాలని పట్టికతో పోల్చి గీసిన గ్రాఫ్ చూడగానే ఏడుపొచ్చింది, అందుకే ల్యాబ్ మూతపడిందని రాశాను. తర్వాత కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇందులో పెట్టి పంపుతున్నాను, మీరూ చూడండి. మధ్యలో అడ్డగీత లోకమంతటి లెక్క. ఒక్కో చుక్క మీ ఒక్కో ఎర్రసిరా నిమిషం. ఆ గీతకి కింద ఉన్నవి అసలు సమయం కన్నా ముందుగా రాసినవి, పైన ఉన్నవి ఆలస్యంగా రాసినవి. సాధన లేని కన్నయితే చుక్కలు ఎలా పడాలి? చిల్లర జారిపడినట్టు పైనా కిందా చెల్లాచెదురుగా పడాలి కదా! మీవి చూడండి. నూట ముప్ఫై రెండు చుక్కలు ఒకే వరసలో, గీతకి పది నిమిషాలు కింద, పట్టాలేసినట్టు. పంతొమ్మిదేళ్ళూ అదే పది! ఏ చెడిపోయిన కన్నూ పంతొమ్మిదేళ్ళు ఒకే పది నిమిషాలు తప్పదు మావయ్యా!

మిగతా పదకొండూ ఇంకా విచిత్రం. సరిగ్గా గీత మీదే పడ్డాయి. ఆరు 2011 ఫిబ్రవరి, మార్చి నెలలవి. అయిదు 2017 నవంబరు, డిసెంబరువి. వాటి చుట్టూ ఎర్రగా సున్నాలు చుట్టాను.

నేను కొట్టడంలో పొరపాటేమో అని పుస్తకంతో మళ్ళీ సరిచూశాను. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వెలుగు కొన్ని నిమిషాలు ముందూ వెనకా అవుతుంది, దాన్ని సాఫ్ట్‌వేరే సరిచేసింది. నా వైపు తప్పు లేదు. మీ కన్ను తప్పూ లేదని నాకు అనిపిస్తోంది. ఇంకెక్కడో ఉంది. ఆ పదకొండుసార్లూ మీరు ఏం వేరుగా చేశారు? వేరే మేడా? వేరే గడియారమా? గుర్తు చేసుకోండి, నాకు ఆగడం లేదు!

దుర్గ

*

రాయగడ,
డిసెంబరు 5.

నా బంగారుతల్లి దుర్గమ్మికి,

కూర్చుని రాయలేకపోతున్నాను, లేచి నాలుగడుగులు వేసి వచ్చి మళ్ళీ రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. వేరే మేడ లేదు. గడియారం కూడా అదే, ముందుగదిలో గోడకున్నది. దాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పి ఉంచుతాం, రైల్వే క్వార్టర్స్‌లో ఏ ఇంట్లోనైనా అంతే, డ్యూటీకి ఆలస్యం కాకూడదని. రిటైరై సొంతింటికి వచ్చినా అలవాటు పోలేదు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. పుస్తకంలో రాసేటప్పుడు పది తీసేసే రాసేవాణ్ణి. కాబట్టి గడియారం మీద నాకు అనుమానం రాలేదు.

మీ అత్త చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ నెలలు పైకి చదివాను. 2011 ఫిబ్రవరి, మార్చి అనగానే, "అప్పుడు నేను ఇక్కడెక్కడున్నాను? మన ప్రసన్న పురుటికి పార్వతీపురం ఎళ్ళేను కదా" అంది. 2017 అన్నాను. "అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు. రెండు నెలలూ అక్కడే ఉండిపోయేను."

"అయితే నువ్వు ఊళ్ళో లేనప్పుడే నా కళ్ళు బాగా కనబడ్డాయన్నమాట" అన్నాను వేళాకోళానికి.

ఆవిడ నవ్వలేదు. "నేను లేకపోతే మీకు టైమెవులు సెప్పేరు?" అంది.

నీకు తెలుసుగా, నేను మేడ మీంచి "టైమెంతే?" అని అరిస్తే ఆవిడ కిందనుంచి గడియారం చూసి అరిచి చెప్పేది. పదిహేను నిమిషాలకోసారి, పంతొమ్మిదేళ్ళు.

"నేనే దిగొచ్చి సూసుకున్నాను" అన్నాను.

"పది తీసేరా?"

"తియ్యనా మరి?"

చిక్కుడుకాయ చేతిలోనే ఉంది, ఒలవడం ఆపేసింది. "నేను సెప్పినప్పుడు కూడా తీసేరా?"

నాకు అప్పుడు వెలిగిందమ్మీ.

"నేను తీసే సెప్పేదాన్ని కదండీ! ఇంట్లో గడియారం మనకోసం తిప్పుకున్నాం, సుక్కకేటి సంబంధం? సుక్కకి తప్పుడు టైము సెప్తానా?" అంది.

ఆవిడ పది తీసి చెప్పింది. నేను ఇంకో పది తీసి రాశాను. పంతొమ్మిదేళ్ళు ఇద్దరమూ ఒకరికి తెలియకుండా ఒకరం సరిచేశాం. ఒక్కసారైనా నువ్వు తీశావా అని నేను అడగలేదు, మీరు తీశారా అని ఆవిడ అడగలేదు. ముందు ఆవిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. సంఘం వాళ్ళ జవాబు సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఊహించినట్టే వాళ్ళ వంశం మొత్తం అయిపోయింది.

నా కన్ను నిజం చెప్పింది దుర్గమ్మీ. పన్నెండేళ్ళు నేనే దాన్ని నమ్మలేదు.

ఒక్క మాట. ఆ నూట ముప్ఫై రెండింటికీ పదేసి కలిపి కొత్తగా రాసెయ్యాలని నీకు చేతులు దురద పుడుతూ ఉంటాయి. వద్దు. రైల్వేలో రిజిస్టర్ దిద్దినవాణ్ణి ఎవడూ నమ్మడు. రాసింది రాసినట్టే ఉంచి, రిమార్కుల గడిలో తప్పు ఎలా జరిగిందో రాయాలి. సిగ్గుపడకుండా మా ఇద్దరి పేర్లూ రాయి.

మావయ్య

*

కొరాపుట్,
డిసెంబరు 18.

మావయ్యకి, అత్తకి,

మీ ఉత్తరం ల్యాబ్‌లో నిలబడే చదివాను. చిక్కుడుకాయల దగ్గరికి వచ్చేసరికి నేను ఏడుస్తూ నవ్వుతున్నాను, నరేంద్రబాబు వచ్చి "ఫైర్‌వాల్ పడిపోయిందా మేడమ్?" అని కంగారుపడ్డాడు. ఆయనకీ చదివి వినిపించాను.

సమయాలు మీరు రాసినవి రాసినట్టే ఆ లోకం పట్టిక చూసేవాళ్ళకి పంపాను. రిమార్కుల గడిలో ఇలా రాశాను. గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. సమయం చెప్పిన లక్ష్మీదేవి పది తీసి చెప్పారు. చూసి రాసిన కూర్మారావు మళ్ళీ పది తీసి రాశారు. ఆమె ఊళ్ళో లేనప్పటి పదకొండింటికి ఈ తప్పు లేదు. పంపేముందు నా గ్రాఫ్‌లో ఆ పది కలిపి చూశాను. ఒక్క మీట నొక్కగానే నూట ముప్ఫై రెండు చుక్కలూ ఒక్కసారిగా పైకి లేచి గీత మీద కూర్చున్నాయి! పిల్లలు బల్లలు చరిచారు.

నిన్న నాలుగింటికి దారి తెరుచుకోగానే జవాబు దిగింది. ఆ పట్టిక చూసుకునే ఆవిడ స్వయంగా రాసింది. నూట నలభై మూడూ తీసుకున్నారు. మీ కన్ను సగటున తప్పేది నాలుగు నిమిషాలేనట, పరికరాలేవీ లేకుండా చూసేవాళ్ళలో ఇంత నిలకడ అరుదట. రిమార్కుల గడిలో ఇలాంటిది తన ఉద్యోగంలో ఎప్పుడూ చదవలేదని, మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమని రాసింది. ఇప్పుడు జపాన్ వాళ్ళు పట్టిక తెరిచినా, పోలెండ్ వాళ్ళు తెరిచినా మీరు అందులో ఉంటారు. ఊరు రాయగడ అని ఉంటుంది.

నరేంద్రబాబు ఆ దారిని ఇక మూయనన్నాడు. మా ప్రిన్సిపాల్ దగ్గర సంతకం కూడా తనే తెచ్చాడు.

మీ
దుర్గ

*

రాయగడ,
డిసెంబరు 27.

దుర్గమ్మికి,

నీ ఉత్తరం మీ అత్త వీధిలో నలుగురికి చదివి వినిపించింది. రెండోసారి చదివినప్పుడు నాలుగు నిమిషాలు కాస్తా రెండయ్యాయి, నేను సరిచెయ్యలేదు.

నిన్న సాయంత్రం మేడెక్కాను. చలి బాగా ఉంది, మబ్బు లేదు. రోజులు లెక్కపెట్టుకుంటే అల్గోల్ తగ్గాల్సింది నిన్ననే. సరిగ్గా ఎన్నింటికో సాఫ్ట్‌వేర్ చెప్పే ఉంటుంది, నువ్వు నాకు ముందుగా రాయలేదు, మంచి పని చేశావు. ముందే తెలిస్తే కన్ను దానికి లొంగిపోతుంది.

గోడ గడియారం సరిచేద్దామని నేను నిన్న పొద్దున కుర్చీ ఎక్కితే మీ అత్త దింపేసింది. "దాని జోలికి పోకండి. ఇన్నేళ్ళు దాంతో బతికేం. నేను తీసే సెప్తాను, మీరు తియ్యకండి, అంతే" అంది. ఇప్పుడు నాకు కిందనుంచి అరిస్తే వినపడదు కాబట్టి, మెట్ల మీద సగం దాకా వచ్చి కూర్చుంది, శాలువా కప్పుకుని. పదిహేను నిమిషాలకోసారి దిగి చూసి, ఎక్కి వచ్చి చెప్పింది. మోకాళ్ళ నొప్పులని ఒక్కసారి కూడా అనలేదు.

ఎర్రసిరాతో రాసింది నీకు రాస్తున్నాను, గ్రాఫ్‌లో ఎక్కించు. ఏడు గంటల యాభై రెండు నిమిషాలు. గీత మీద పడిందో లేదో తర్వాత రాద్దువుగాని. రాసేముందు అలవాటు కొద్దీ పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆవిడ మెట్ల మీంచి నా చేతివైపే చూస్తోంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను.

మావయ్య